కన్నుగొట్టిన కృష్ణవేణి

బ్రేకు ఇన్‌స్పెక్టరుకు లారీ కన్ను కొట్టింది. అదీ పట్టపగలు, డోన్ ఊరి బయటి మైదానంలో, ఎఫ్‌సీ కోసం, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం, వరసగా నిలబెట్టిన బండ్లన్నీ చూస్తుండగా.

"లైట్లు వెయ్యి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఓబుళేశు వేశాడు. రెండూ వెలిగాయి. "హారన్ కొట్టు" అన్నాడు. ఓబుళేశు కొట్టాడు. హారన్ మోగింది, ఎడమ పక్క లైటు ఆరిపోయింది. చెయ్యి తీస్తే మళ్లీ వెలిగింది. ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఎడమ ఇండికేటర్ వెయ్యి" అన్నాడు. ఇండికేటర్ టిక్కు టిక్కుమంటుంటే, దానికి తాళం వేస్తున్నట్టు హెడ్‌లైటు కూడా ఆరడం, వెలగడం, ఆరడం, వెలగడం మొదలుపెట్టింది.

"ఏమయ్యా, ఏంది ఇది? నీ లారీ నాకు కన్ను గొడతాంది!"

వెనకున్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. అంతగా నవ్వడానికి ఇంకో కారణం ఉంది. ఆ లారీ నొసటి మీద, అద్దానికి పైన, ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాల్లో 'కృష్ణవేణి' అని రాసి ఉంది. అది ఓబుళేశు పెండ్లాం పేరు. ఆ పెండ్లాం అప్పుడు ఆ పేరుకు సరిగ్గా కింద, క్యాబిన్‌లో ఎడమ పక్క సీట్లో, ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని కూర్చుని ఉంది.

"రేయ్, కృష్ణవేణి సారుకు కన్ను గొట్టెనంట!" అని ఒకడు వెనక్కి అందించాడు. మాట వరస చివరిదాకా పోయింది. నవ్వు వరస చివరి నుంచి మళ్లీ ముందుకొచ్చింది. కృష్ణవేణమ్మ ముఖం మిరపపండైంది. కొంగు అడ్డం పెట్టుకుని మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆ ఇండికేటరుకు గాని కాస్త సిగ్గుంటే ఆ చూపుకు అక్కడికక్కడే ఆగిపోయి ఉండేది.

"సార్, రోంత వైరు లూజు..." అని ఓబుళేశు నసిగాడు.

"ఎదురుగా వచ్చేవానికి ఇది లారీనా, మోటర్ సైకిలా తెలియాల్నా, వద్దా? సాయంత్రం దాకా ఈడనే ఉంటా. పొద్దు మునిగేలోపల బాగు చేయించుకోని రా. రాలేదంటే ఈ బండికి ఇంక నా సంతకం లేదు. ఇదే ఆఖరు" అనేసి ఇన్‌స్పెక్టరు పక్క బండి దగ్గరికి నడిచాడు.

ఓబుళేశు బండిని వరసలోంచి బయటికి తీశాడు.

ఓబుళేశుది బేతంచెర్ల పక్కన పల్లె. ఆ లారీలో నాపబండలు తోలుతూనే అతని తల నెరిసింది. బండి కొన్న ఏడాదే పెళ్లయింది. ఆ ఉత్సాహంలో పెయింటరును పిలిపించి కొత్త పెండ్లాం పేరు బండి నొసట రాయించాడు. మొదట్లో ఆమె మురిసిపోయింది. ఆ తర్వాత ఒక్కొక్కటే తెలిసొచ్చింది. మొగుడు "కృష్ణవేణికి ఒంట్లో బాగలేదు" అంటే డాక్టరు దగ్గరికి కాదు, మెకానిక్కు దగ్గరికని. "కృష్ణవేణికి నూనె మార్చాల" అంటే తన తలకు కాదని. "నా పేరు దానికి పెట్టినాడు, దాని చాకిరీ నాకు పెట్టినాడు" అని ఊళ్లో చెప్పని ఇల్లు లేదు. లారీని ఆమె ఏనాడూ లారీ అనలేదు. "మీ ముసల్ది" అనేది.

ఏడాదిగా ఆ ముసల్దానికి చూపు మందగించింది. ఓబుళేశు నంద్యాలలో బల్బులు మార్పించాడు. కడపలో స్విచ్చి మార్పించాడు. బనగానపల్లెలో రిలే మార్పించాడు. ప్రతిచోటా మెకానిక్కు ఒక వస్తువు మార్చడం, లైటు వెలిగించి చూపించడం, ఓబుళేశు వాళ్ల చేతులు పట్టుకుని మరీ సంతోషపడటం జరిగేది. కొన్నాళ్లు బాగుండేది. తర్వాత ఏ గుంతలోనో బండి ఎగిరిపడగానే మళ్లీ మొదలు. మొన్నొకసారి బండలు దించి వస్తుంటే, ఒంటిమిట్ట దాటాక, మసకచీకట్లో రెండు లైట్లూ ఒక్కసారే పోయాయి. గొర్రెల మంద ఎదురైంది. తప్పించబోయి లారీ కంపచెట్లలోకి దిగింది. మనిషికి గాని గొర్రెకు గాని దెబ్బ తగల్లేదు గానీ, ఆ వార్త ఓబుళేశు కంటే ముందు ఇల్లు చేరింది.

అతను ఇంటికి పోయేసరికి కృష్ణవేణమ్మ అన్నం మానేసి గోడకు తిరిగి పడుకుని ఉంది. ఆమె అన్న హనుమన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. హనుమన్న సిమెంటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. "బావా, మా గేటు కాడ వాచ్‌మన్ పని ఖాళీ ఉండాది. కాకీ బట్టలిస్తారు, విజిలిస్తారు, కుర్చీ ఏస్తారు. కుర్చీలో కూచోవడమే పని. లారీ వస్తే గేటు తీయాల, పోతే మూయాల. అంతే" అన్నాడు.

అంతే! ఓబుళేశుకు కంపచెట్లలో గుచ్చుకోని ముల్లు అప్పుడు గుచ్చుకుంది. ఇన్నేళ్లూ తను హారన్ కొడితే గేట్లు తెరుచుకున్నాయి. ఇప్పుడు తను కుర్చీలోంచి లేచి, ఇంకొకడి లారీకి గేటు తీసి, ఈల ఊది, పోరా నాయనా అని చెయ్యి ఊపాలా? కానీ లోపల పెండ్లాం పస్తు పడుకుని ఉంది. "సరే. ఈ తూరి ఎఫ్‌సీ అయితే బండి నాది. కాకపోతే పాతినుముకు ఏసేసి గేటు కాడ కూచుంటా" అని ఆమె తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఆ మాట మీద నిలబడతాడో లేదో చూడటానికే ఆమె ఇవాళ పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని బండెక్కింది.

డోన్‌లో బండ్ల కరెంటు పనికి జమాల్ బాషాను మించినవాడు లేడు. ఆ మాట డోన్‌లో అందరూ అంటారు, అందరికంటే ఎక్కువగా జమాల్ బాషా అంటాడు. అయినా ఓబుళేశు రెండేళ్లుగా అతని షెడ్డు ముందు బండి ఆపలేదు. అప్పట్లో జమాల్ నోరు జారి, "బావా, ఈ బండికి కావాల్సింది కరెంటు పని గాదు, కర్మకాండ" అన్నాడు. ఆ రోజు నుంచీ ఓబుళేశు అలిగి ఉన్నాడు. కానీ గేటు దగ్గర కుర్చీ గుర్తుకొచ్చేసరికి ఆ అలక ఎటు పోయిందో పోయింది. బండి తిప్పాడు. షెడ్డు చేరేలోపల రెండు లైట్లూ పూర్తిగా కన్నుమూశాయి.

"ఏం బావా, దారి తప్పినావా?" అన్నాడు జమాల్, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"తప్పలేదప్పా. లైట్లు లేక దారి కనపడలే. తగులుకుంటూ తగులుకుంటూ ఈడికొచ్చినా."

జమాల్ నవ్వేశాడు. రెండేళ్ల అలక అంతటితో తీరిపోయింది. "అక్కా, బాగుండావా?" అని కృష్ణవేణమ్మను పలకరించాడు.

"నన్నెందుకు అడుగుతావు జమాలూ? మీ బావ ముసల్దాన్ని అడుగు. ఇంట్లో బాగలేనిది అదొక్కటే."

షెడ్డులో ఒకటే కుర్చీ. ఆ కుర్చీలో అప్పటికే పరమేష్ ఉన్నాడు. పరమేష్ పాతినుము వ్యాపారి. ఇనుముతో తిరిగి తిరిగి మనిషి కూడా ఇనుమంత బరువెక్కాడు. చేతిలో టీ గ్లాసు.

"హనుమన్న ఫోన్ జేసినాడన్నా. లైట్ల పనికి ఈడికే వస్తావని ముందే వచ్చి కూచున్నా" అన్నాడు ఓబుళేశుతో, చావు పలకరింపుకు వచ్చినవాడిలా గొంతు తగ్గించి. "ఇయ్యాల కృష్ణవేణిని తూకానికి ఏస్తావంట గదా."

"ఎవర్నప్పా తూకానికి ఏసేది?" అంది కృష్ణవేణమ్మ.

"అయ్యో వదినా, నిన్ను గాదు! నిన్ను ఎవరు ఏస్తారు! బండిని. బండిని వదినా."

లేచి లారీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు పరమేష్. మోపెడ్ తాళం చెవితో మడ్‌గార్డు మీద టంగుమని కొట్టి, చెవి ఆనించి విన్నాడు. తలుపు కింద వేలితో గీకి చూశాడు. "ఇనుము మంచిదన్నా. ఈ కాలం బండ్లల్లో యాడుంది ఇట్లాంటి ఇనుము?" అన్నాడు. ఓబుళేశుకు ఒళ్లు మండింది. సంతలో గొర్రె వీపు నొక్కి చూసే కసాయివాణ్ణి చూస్తే గొర్రెకు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

జమాల్ పనిలోకి దిగాడు. అతని పనిముట్లన్నిటికీ పెద్ద, రెండు తీగలు కట్టిన ఒక చిన్న బల్బు. ఒక తీగ ఇనుముకు ఆనించి, ఇంకో తీగతో బండిలో ఎక్కడ తాకితే అక్కడ కరెంటు ఉందో లేదో ఆ బల్బు చెప్పేస్తుంది. హెడ్‌లైటు విప్పాడు. బల్బు కొత్తది. స్విచ్చి విప్పాడు. కొత్తది. రిలే కొత్తది. ఫ్యూజులు కొత్తవి.

"ఎవరు బావా ఇవన్నీ మార్చినవాళ్లు? మెకానిక్కులా, పెండ్లిలో వడ్డించేవాళ్లా? అడగకముందే అన్నీ ఏసేసినారు."

"లైటు పోయినప్పుడల్లా ఒకటి మార్చినా గదప్పా."

"ఇంక మిగిలింది డ్రైవరు ఒక్కడే. నిన్ను మార్చాల."

బల్బు హెడ్‌లైటు దాకా వెలుగుతూనే ఉంది. అంటే కరెంటు అక్కడిదాకా వస్తోంది. వస్తోంది, హెడ్‌లైటు మాత్రం వెలగడం లేదు. జమాల్ తల గోక్కున్నాడు. కాసేపు నంద్యాల మెకానిక్కును తిట్టాడు. తర్వాత కడపాయన్ను తిట్టాడు. బనగానపల్లెకు వచ్చేసరికి ఓబుళేశుకు అర్థమైపోయింది. జమాల్ ఇంకొకరి పనిని తిడుతున్నాడంటే, తనకు ఇంకా ఏమీ దొరకలేదని.

పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలింది. పరమేష్‌కు కూర్చుని విసుగొచ్చి, టీ గ్లాసుతో బండి ముందుకొచ్చి బంపరుకు నడుం ఆనించి నిలబడ్డాడు. జమాల్‌కు ఏం చెయ్యాలో తోచక స్క్రూడ్రైవరు పిడితో రిలే మీద ఒకటి కొట్టాడు.

రెండు లైట్లూ భగ్గున వెలిగాయి.

"చూసినావా!" అని జమాల్ ఎగిరాడు. "చూసినావా బావా! పిడితో ఒక్కటి! ఒక్కటంటే ఒక్కటి! ఈ చెయ్యి మామూలు చెయ్యి గాదు బావా, దీనికి ఇన్సూరెన్స్ చేయించాల!"

ఓబుళేశు ఇంక ఆగలేదు. లైట్లు ఆర్పి, బంపరు దగ్గరున్న పరమేష్‌ను పక్కకు తప్పుకోమని సైగ చేసి, ఇంజను స్టార్ట్ చేశాడు. పరమేష్ టీ చల్లారిపోయిన ముఖంతో కుర్చీలోకి పోయి పడ్డాడు. కృష్ణవేణమ్మ "ఎలిగెనా?" అంది. ఆ మాట దిగులుగా అందో, ఊరటగా అందో ఓబుళేశుకు తెలియలేదు. తెలుసుకునే తీరికా లేదు.

మైదానం మలుపులో, ఇన్‌స్పెక్టరు జీపు కనపడుతుండగా, ఎందుకైనా మంచిదని ఓబుళేశు ఒకసారి స్విచ్చి వేశాడు. ఏమీ లేదు. ఇంకోసారి వేశాడు. లేదు. హారన్ కొట్టి చూశాడు. ఇండికేటర్ వేసి చూశాడు. పొద్దున కన్నైనా కొట్టింది, ఇప్పుడు అదీ లేదు. స్టీరింగు మీద పిడికిలితో గుద్దాడు. దూరం నుంచి ఇన్‌స్పెక్టరు తలెత్తి చూశాడు. ఓబుళేశు ఊరికే పలకరింపుగా చెయ్యి ఊపి, బండి తిప్పుకుని వెనక్కి వచ్చేశాడు.

"వస్తావని తెలుసన్నా" అన్నాడు పరమేష్. "అందుకే కుర్చీలోంచి లెయ్యలే."

జమాల్ ముఖం చూడాలి. పనిముట్ల పెట్టె మీద కూర్చుని, ఇన్సూరెన్స్ చేయించాల్సిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆలోచనలో పడ్డాడు. కాసేపటికి లేచాడు.

"బావా, ఇందాక ఎట్ల ఎలిగిందో మళ్లీ అట్లనే చేద్దాం. ఎవరు యాడ నిలబడినారో ఆడనే నిలబడండి. నువ్వు స్టీరింగు కాడ. అక్కా, నువ్వు సీట్లో. నేను ఈడ. స్క్రూడ్రైవరు ఇట్ల." పిడితో రిలే మీద కొట్టాడు. ఏమీ లేదు. ఇంకోటి కొట్టాడు. ఏమీ లేదు. "ఎవరో తక్కువైనారు" అన్నాడు.

ముగ్గురి కళ్లూ మెల్లగా కుర్చీ వైపు తిరిగాయి.

"పరమేషూ," అన్నాడు జమాల్ తేనె లాంటి గొంతుతో, "నువ్వు టీ గ్లాసు పట్టుకోని బంపర్ కాడ ఆనుకోని ఉంటివి గదా. ఒక్కసారి రాప్పా."

పరమేష్ తెలివిగలవాడు. తను లేస్తే లైటు వెలుగుతుందని, లైటు వెలిగితే ఇనుము పోతుందని అతనికి అప్పటికప్పుడే అర్థమైంది. "నాకు నడుం పట్టుకుందప్పా" అన్నాడు.

"ఇంతసేపూ బాగుంటివే!"

"ఇప్పుడే పట్టుకుంది."

"ఇంకో టీ తెప్పిస్తా."

"టీ తాగితే ఇంకా ఎక్కువ పట్టుకుంటది."

ఓబుళేశు ఒక రెక్క, జమాల్ ఒక రెక్క పట్టుకుని లేపబోయారు. పరమేష్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. మనిషితో పాటు కుర్చీ కూడా జానెడు లేచి, మళ్లీ దబ్బుమని కూర్చుంది. ఇంకోసారి లేపారు. కుర్చీ కాలు వంకరపోయింది గానీ పరమేష్ కదల్లేదు.

కృష్ణవేణమ్మ క్యాబిన్‌లోంచి ఇదంతా చూస్తోంది. పొద్దు వైపు ఒకసారి చూసింది. ఇంకాసేపు ఆమె గమ్మున కూర్చుంటే చాలు. ఇన్నాళ్లూ కోరుకున్నదంతా జరిగిపోతుంది. ముసల్ది తూకానికి పోతుంది, మొగుడు నీడలో కుర్చీలో కూర్చుంటాడు, తను పొద్దు మునిగాక వాకిట్లో నిలబడి రోడ్డు వైపు చూసే పని తప్పుతుంది. ఆమె మొగుణ్ణి చూసింది. ఓబుళేశు వంకరపోయిన కుర్చీ వైపు చూస్తున్నాడు. ఆ కుర్చీలో తనే ఉన్నట్టు చూస్తున్నాడు.

"ఏందయ్యా ఇది, పట్టపగలు మనిషిని పట్టుకోని పీకులాడేది! తప్పుకోండి" అంటూ ఆమె టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టి దిగింది. గబగబా ముందుకొచ్చి, కొంగు బొడ్లో దోపి, బంపరు మీద తన బరువంతా వేసి కూర్చుంది.

రెండు లైట్లూ వెలిగాయి.

లేచింది. ఆరిపోయాయి. కూర్చుంది. వెలిగాయి. పక్క షెడ్ల వాళ్లు పని వదిలి వచ్చి నిలబడ్డారు. "ఒక కృష్ణవేణి కూచుంటే ఇంకో కృష్ణవేణి ఎలుగుతాంది రా!" అన్నాడు ఎవడో. "ఇన్‌స్పెక్టరు కాడికి వదినను బంపర్ మింద కూచోబెట్టుకోనే పో, ఓబుళేశన్నా!" అన్నాడు ఇంకొకడు.

జమాల్ మాత్రం నవ్వలేదు. బ్యాటరీ దగ్గర నుంచి ఒక పొడవు తీగ లాగి, దాని కొస హెడ్‌లైటు వెనక ముట్టించాడు. ఎవరూ కూర్చోకుండానే లైటు కళ్లు చెదిరేలా వెలిగింది. అతను తొడ చరుచుకున్నాడు.

"దొరికింది బావా! కరెంటు లైటులోకి పోతే సాలదు. మళ్లీ ఇంటికి తిరిగి రావాల. పోయే దారి బాగుండాది. తిరిగొచ్చే దారి లేదు. దాన్నే మేం ఎర్తు అంటాం. ఆ దారి మూసుకుపొయ్యి, పాపం నీ కరెంటు ఒకనాడు హారన్ ఇంట్లో దూరి, ఒకనాడు ఇండికేటర్ ఇంట్లో దూరి బయటపడతాంది. అందుకే కన్ను గొట్టేది. రెండు లైట్ల ఎర్తు తీగలూ బంపర్ యనక ఛాసీకి ఒకే బోల్టు కాడ బిగిస్తారు. బరువు పడితే ఆ తీగ ఇనుముకు అంటుకుంటాంది. ఆడ చూస్తే అయిపాయ."

"జమాలూ," అంది కృష్ణవేణమ్మ హఠాత్తుగా, "ఆడ ఏం ఉంటదిలే. వేరే కాడ చూడు."

"ఆడే అక్కా, ఖాయంగా ఆడే" అని జమాల్ వెల్లకిలా పడుకుని బండి కిందికి పాకాడు. కాళ్లు మాత్రమే బయట ఉన్నాయి.

"యా అల్లా!" అని వినపడింది కింద నుంచి.

ఒక చెయ్యి బయటికొచ్చింది. ఆ చేతిలో ఒక నిమ్మకాయ. ఎండి, నల్లబడి, రాయిలా ఉంది. దాన్ని అక్కడ పెట్టి చెయ్యి లోపలికి పోయింది. ఎండుమిరపకాయల గుత్తితో వచ్చింది. మళ్లీ పోయి నిమ్మకాయతో వచ్చింది. బొగ్గు ముక్క వచ్చింది. నల్లదారం చుట్ట వచ్చింది. ఇంకా పచ్చి వదలని నిమ్మకాయ వచ్చింది. ఉప్పు గడ్డకట్టి పచ్చగా చిలుము పట్టిన తీగ ముక్క వచ్చింది. చివరికి జమాల్ తల వచ్చింది.

"బావా, ఇది ఎర్తు బోల్టా, ఊరగాయ జాడీనా?"

"నేను కట్టేది ముందర గదప్పా, అందరికీ కనపడేట్టు" అన్నాడు ఓబుళేశు బిత్తరపోయి. "ఈ యనక ఎవరు కట్టినారు?"

కృష్ణవేణమ్మ కొంగు సర్దుకుంది. దోపిన కొంగు తీసి మళ్లీ దోపింది.

"నేనే కట్టినా. అయితే ఏం? లైటు పోయిందంటే దిష్టి తగలకుండా పోతదా?"

"నువ్వా!"

"మొదటితూరి లైటు పోయినప్పుడు కట్టినా. బోల్టు చేతికి అందుబాటుగా ఉండాది, దారం బాగా నిలబడతాది. ఆమైన మళ్లీ వచ్చిన అమావాస్యకు ఒకటి కడితి. అయినా లైటు పాయ. దిష్టి పెద్దదనుకోని రెండు కడితి. ఉప్పు తిప్పిన నీళ్లు కూడా ఆన్నే పోస్తి."

జమాల్‌కు నవ్వు ఆగలేదు. బండి చక్రం పట్టుకుని నవ్వాడు. "అక్కా, మొదటితూరి పోయింది ఉత్త బల్బు. నంద్యాలాయన మార్చింది కరెక్టే. ఆమైన పోయినవన్నీ నీ పుణ్యమే. లైటు పోయిందని నువ్వు నిమ్మకాయ కడితివి. ఆ పులుపు, ఈ ఉప్పు కలిసి బోల్టును తినె. బోల్టు పొయ్యి లైటు పాయ. లైటు పాయనని నువ్వు మళ్లీ కడితివి!"

షెడ్ల వాళ్లందరూ నవ్వారు. కుర్చీలో పరమేష్ కూడా నడుం నొప్పి మరిచిపోయి నవ్వాడు. ఓబుళేశుకు మాత్రం నవ్వు రాలేదు. నేల మీద వరసగా పెట్టిన నిమ్మకాయలను చూస్తున్నాడు.

"ఊరంతా దాన్ని తిడతావు గదా, ముసల్ది ముసల్దని" అన్నాడు. "మళ్లీ దానికే దొంగతనంగా నిమ్మకాయ కడతావా?"

"ముందర కడితే నువ్వు చూసి నవ్వవా? అందుకే యనక కడితి" అంది కృష్ణవేణమ్మ. ఆమె గొంతు మామూలుగానే గట్టిగా లేచింది, సగంలో తగ్గింది. "అయినా నేను కట్టేది దానికా? పొద్దు మునిగినాక దాంట్లో కూచోని వచ్చేది ఎవరు?"

ఓబుళేశు వంగి, ఇంకా పచ్చి వదలని నిమ్మకాయను చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే ఇప్పుడు బండి అమ్మేదా, లేదా?" అన్నాడు పరమేష్.

"గమ్మునుండప్పా!" అన్నారు మొగుడూ పెండ్లాం ఇద్దరూ ఒకేసారి.

జమాల్ పాత బోల్టు పీకేశాడు. చిలుము పట్టిన మేరకు తీగలు కోసేసి, కొసలకు కొత్త బిళ్లలు తొడిగాడు. ఛాసీ మీద ఆ చోటును గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. కొత్త బోల్టు బిగించి, తడి తగలకుండా పైన దండిగా గ్రీసు మెత్తాడు. అంతసేపూ కృష్ణవేణమ్మ అతని కాళ్ల దగ్గర నిలబడి, "అయిపాయనా జమాలూ? ఇంకా అయిపోలేదా? పొద్దు కొండ మిందికి పోతాంది, బిన్నా కానీ" అని తొందరపెడుతూనే ఉంది. పొద్దున మైదానంలో ఈ బండి ఎప్పుడు ఆగిపోతుందా అని కూర్చున్న మనిషి ఈమేనా అని ఓబుళేశు రెండుసార్లు తిరిగి చూశాడు.

బండి కదిలింది. ఈసారి జమాల్ కూడా ఎక్కాడు. పరమేష్ ఆశ చావక మోపెడ్ మీద వెనకే వచ్చాడు. దారిలో ఓబుళేశు తప్పించాల్సిన గుంతలన్నీ వెతుక్కుని మరీ దిగాడు. లైట్లు రెప్ప వేయలేదు.

మైదానం ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టరు జీపులో ఒక కాలు పెట్టి ఉన్నాడు. లారీని చూసి కాలు కిందికి దించాడు. "లైట్లు" అన్నాడు. వెలిగాయి. "హారన్." మోగింది, లైట్లు అలాగే ఉన్నాయి. "ఎడమ." ఇండికేటర్ ఒక్కటే టిక్కు టిక్కుమంది. ఇన్‌స్పెక్టరు ఇంకాసేపు ఎదురుచూశాడు.

"ఈ తూరి కన్ను గొట్టలేదే?" అన్నాడు, ఏదో తక్కువైనట్టు. బ్రేకులు, టైర్లు మళ్లీ ఒకసారి చూసి సంతకం పెట్టాడు. "ఇంతకూ ఏందయ్యా రోగం?"

"ఊరగాయ, సార్" అన్నాడు ఓబుళేశు. కృష్ణవేణమ్మ అతని తొడ మీద గిల్లింది.

మైదానం బయట పరమేష్ మోపెడ్ ఆపి నిలబడి ఉన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. ఓడిపోయిన బేరం గురించి కూడా నాలుగు మంచి మాటలు చెప్పే మనిషి. "ఏం ఎలుగన్నా! పెండ్లి పందిరి లెక్క ఉండాది. ఈ వయసు బండిని ఇంత కళగా నేను యాడా చూళ్లే!" అన్నాడు కళ్లు పెద్దవి చేసి.

కృష్ణవేణమ్మ ముఖం మారిపోయింది. "ఆపు" అంది మొగుడితో.

"ఎందుకు?"

"ఆపు అంటాండా గదా!"

ఎదురుగా సోడాబండి. ఆమె దిగిపోయి అక్కడ ఒక నిమ్మకాయ పట్టుకొచ్చింది. ఆమె బండి ముందుకు తిరిగేలోపలే జమాల్ క్యాబిన్‌లోంచి దూకి, బంపరుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"అక్కా, వద్దు. నీ కాళ్లు మొక్కుతా. ఆ బోల్టు జోలికి మాత్రం పోవద్దు. గ్రీసు ఇప్పుడే మెత్తినా!"

"పోనులేప్పా. తప్పుకో."

"తప్పుకోను. ముందు ఆ కాయ ఇటియ్యి."

"అయితే యాడ కట్టమంటావు? ఆయప్ప అంత కన్ను పెట్టిపాయ!"

ఓబుళేశు కిటికీలోంచి చెయ్యి బయటికి చాపాడు. "ఇటియ్యి" అన్నాడు. ఆమె కొంచెంసేపు ఆ చేతిని చూసి, నిమ్మకాయ అందులో పెట్టింది. అతను సీటు కింద నుంచి దారం తీసి, క్యాబిన్‌లో తన ముందున్న అద్దానికి, సరిగ్గా తన కళ్లకు ఎదురుగా కట్టాడు. అక్కడ తుప్పు పట్టడానికి బోల్టు లేదు. చూసేవాడు అతనొక్కడే.

"నవ్వుతావు గదా దాన్ని చూసి" అంది కృష్ణవేణమ్మ, ఎక్కి పక్కన కూర్చుంటూ.

"నవ్వుతా" అన్నాడు ఓబుళేశు, లైట్లు వేస్తూ.

అంతలో ఆమె ఫోన్ మోగింది. హనుమన్న. క్యాబిన్ అంతా వినపడేంత గొంతు. "ఏం కృష్ణవేణీ, ఏమాయ? పరమేష్ వచ్చినాడా? కాకీ బట్టలు కుట్టించి పెట్టినా. బావకు కొలతలు రోంత పెద్దవైతాయేమోనని..."

కృష్ణవేణమ్మ కిటికీలోంచి వెనక్కి చూసింది. వంగి, మోపెడ్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్న పరమేష్ అంత దూరంలో కూడా పెద్దగానే కనపడుతున్నాడు.

"పెద్దవైతే మంచిదే అన్నా" అంది. "పరమేషుకు తొడిగి చూడు. ఎంత లాగినా కుర్చీలోంచి లెయ్యడు."